నలభై ఏళ్ళ జబ్బు, నాలుగు రోజుల భయం

గాజువాకలో ఈమధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాల దగ్గర కబురు స్టెంటు మీదికే పోతోంది. ఒకాయనకి రెండు వేశారట, ఇంకొకాయనకి మూడట. "మొన్నటిదాకా దుక్కలా ఉండేవాడండీ, ఉన్నట్టుండి వచ్చీసింది" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్నట్టుండి రాలేదది. ఆయన కాలేజీకి వెళ్ళే రోజుల్లోనే ధమని గోడలో మొదలైంది. పెళ్ళినాడూ ఉంది, కొడుకు పుట్టిననాడూ ఉంది, రిటైరయిననాడూ ఉంది. నలభై ఏళ్ళ పాటు పెరిగిన జబ్బుకి నాలుగు రోజులు భయపడి, ఆసుపత్రి నుంచి వచ్చిన నెలకే మళ్ళీ సిగరెట్టు ముట్టించే కాలం ఇది.

డాక్టర్లు దీన్ని అథెరోస్క్లీరోసిస్ అంటారు. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని, మెడలోంచి మెదడుకి వెళ్ళే కెరోటిడ్ ధమనులు, గుండె కండరానికి రక్తం ఇచ్చే కరోనరీ ధమనులు, తొడల్లోంచి పాదాలకి దిగే ధమనులు, అన్నిటికీ వచ్చేది ఈ ఒక్క జబ్బే. గుండెలో బయటపడితే గుండెపోటు అంటాం, మెదడులో బయటపడితే పక్షవాతం అంటాం, కాలిలో బయటపడితే అసలు జబ్బే అనుకోం.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో చేసినవాళ్ళం కాబట్టి మాలో ప్రతివాడూ దీన్ని పైపులో పాచి పట్టడంగా వివరిస్తాడు. నేను ఒప్పుకోను. పాచి పైపు లోపలి అంచు మీద పడుతుంది, గీకితే పోతుంది. ఇది గోడ లోపల జరిగే పని. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ రేణువులు ధమని లోపలి పొర కిందికి దూరి, అక్కడే చిక్కుకుని పాడవుతాయి. వాటిని మింగెయ్యడానికి తెల్ల రక్తకణాలు గోడలోకి వస్తాయి, మింగి మింగి ఉబ్బిపోయి అక్కడే చస్తాయి. అలా పోగుపడిన కొవ్వు ముద్ద మీద శరీరం నారపొరతో ఒక మూత అల్లుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అందులో కాల్షియం చేరి గోడ బిరుసెక్కుతుంది. ఇంత జరుగుతున్నా ధమని మొదట్లో బయటివైపుకి ఉబ్బి రక్తం దారి తగ్గకుండా కాచుకుంటుంది. గ్లాగోవ్ అనే పాథాలజిస్టు 1987లో చూపించింది అదే. ఆ ముద్ద ధమనిలో సుమారు 40 శాతం చోటు తీసుకునేదాకా లోపలి దారి సన్నబడదు. అందుకే ట్రెడ్‌మిల్ పరీక్షలో ఏమీ లేదనిపించుకున్న మనిషి కూడా ఒక్కోసారి పడిపోతాడు. మూత పలచగా ఉన్నచోట చిట్లితే అక్కడ రక్తం గడ్డ కడుతుంది. దారి సగం కూడా మూసుకోనిచోట చిట్లి వచ్చే గుండెపోట్లు చాలా ఉన్నాయి.

పోలికే కావాలంటే మా ఫర్నేసు లోపలి ఇటుక గోడతో పోల్చమంటాను. గోడ లోపల్నుంచి అరిగిపోతుంటే బయట ఉక్కు తొడుగు చూసి ఎవరూ కనిపెట్టలేరు. అందుకని తొడుగు పొడుగునా వేడి కొలిచే సాధనాలు పెట్టి, షిఫ్టు షిఫ్టుకీ అంకెలు చూసుకునేవాళ్ళం. గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టుకున్న ఫర్నేసుల గోడలని అంత భద్రంగా కనిపెట్టుకున్న మనుషులు తమ ఒంట్లో గోడ గురించి రిటైరయ్యేదాకా ఒక్క అంకె కూడా అడక్కపోవడం నాకు కడుపు మంట.

కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలు పరీక్షించిన డాక్టర్లు 1953లో ఒక లెక్క బయటపెట్టారు. వాళ్ళ సగటు వయసు 22. అయినా 77 శాతం మంది కరోనరీ ధమనుల్లో ఈ జబ్బు ఆనవాళ్ళు కనపడ్డాయి. యుద్ధానికి పంపేంత ఆరోగ్యమున్న కుర్రాళ్ళు వాళ్ళు. మా మనవడు, వాడి స్నేహితులు ఆటోనగర్ దగ్గర అర్ధరాత్రి బిరియానీ తిని రీళ్ళు చూసుకుంటూ "మాకేటి తాతా, ఇంకా ఇరవై ఐదే కదా" అంటే నేను చెప్పేది ఈ లెక్కే. నవ్వుతారు. సీసాలో కూల్‌డ్రింకు అయిపోయేదాకా నవ్వుతారు.

మా రోజుల్లో నడిచేవాళ్ళం. అదేమీ గొప్పకి చెప్పడం లేదు, వేరే దారి లేదు కాబట్టి నడిచాం. అప్పటికి గాజువాక అంటే హైవే పక్కన ఒక ఊరు, చుట్టూ తాటితోపులు, మామిడి తోటలు, మెట్ట చేలు. చోళ్ళు, గంట్లు పండేవి. చేనుకి నడక, నూతికి నడక, మల్కాపురం వైపు పనికి నడక. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో ఉద్యమం లేచింది, 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఊళ్ళకి ఊళ్ళు లేచిపోయాయి. భూమి ఇచ్చినవాళ్ళం నిర్వాసితులమని ఇచ్చిన ఆర్ కార్డులు పట్టుకుని పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి కాలనీల్లో దిగాం. ఆ ఫ్యాక్టరీ మాకు కూడు పెట్టింది, పిల్లల్ని చదివించింది. దాని మీద ఈగ వాలితే ఈరోజుకీ ఊరుకోను. కానీ అదే మార్పులో మా ఒళ్ళు కూడా మారింది. చేలో వంగినవాడు కుర్చీలో కూర్చున్నాడు. పండించుకుని తిన్నవాడు కొనుక్కుని తిన్నాడు. ఆ మార్పు ఒక్క తరంలోనే వచ్చిపడింది, తట్టుకోవడానికి ఒంటికి వ్యవధి దొరకలేదు.

అయినా మొదట్లో సైకిళ్ళుండేవి. ఎ షిఫ్టు వదిలే వేళకి కూర్మన్నపాలెం దగ్గర రోడ్డంతా సైకిళ్ళే. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు బస్సు సిబ్బందిని పరిశీలించి 1953లో ఒక వ్యాసం వేశాడు. రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే, కూర్చుని బండి నడిపే డ్రైవర్లకి గుండెజబ్బు ఎక్కువ. జీతం దగ్గర దగ్గర, ఊరు ఒకటే, బస్సు ఒకటే. ఆ పరిశోధన సంగతి మాకు తెలీదు గానీ, తెలీకుండానే మేం కండక్టర్ల వైపు ఉన్నాం. ఇప్పుడు రెండు వీధుల అవతలికి ఆటో. మూడో అంతస్తుకి లిఫ్టు. పాలు, కూర, టిఫిను అన్నీ బండి మీద గుమ్మంలోకే వస్తాయి. నడుద్దామనుకునే మనిషికి చోటేదీ? పాత గాజువాక నుంచి కొత్త గాజువాక దాకా రోడ్డు అంచున నడిచి చూడండి. కాలువ మీద పలకలు లేవు, ఉన్నచోట బళ్ళు పెట్టుకున్నారు, దాని పక్కనుంచి కంటైనర్ లారీలు. డాక్టరుగారు చీటీ మీద రోజూ అరగంట నడవమని రాసిస్తారు. ఎక్కడ నడవాలో కార్పొరేషను వాళ్ళు రాసిస్తే బాగుండును.

అయితే నా ఈడువాళ్ళు కొందరు అరుగు మీద చేరి "మా రోజుల్లో ఈ జబ్బులే లేవు" అంటుంటారు. వాళ్ళ మీదా నాకు కోపమే. లేకపోవడమేమిటి? మా మామ్మ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. మా తీరంలో ఆడవాళ్ళకది అలవాటు, అంగిలి క్యాన్సర్ల మీద మన ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు వ్యాసాలు రాసేంత అలవాటు. పొగాకు అంగిలిని కాల్చి ఊరుకోదు, ధమని లోపలి పొరనీ గాయపరుస్తుంది. మా పెద్దయ్య ఒకాయన రోజుకి కట్ట చుట్టలు కాల్చేవాడు. నాలుగు బారలు నడిచేసరికి పిక్క పట్టేసి కూర్చుండిపోయేవాడు, కాసేపు ఆగితే పోయేది, మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేది. "ఈ కాలు నన్ను మొయ్యడం మానీసింద్రా" అనేవాడు. వాతమన్నారు, తైలం రాశారు. ఆఖర్న వేళ్ళు నల్లబడి పోయాడు. అది కాలి ధమనులు మూసుకుపోవడమని అప్పుడు ఆ ఊళ్ళో చెప్పేవారు లేరు. ఉప్పుచేప, ఊరగాయ తిని బీపీ ఎంతుందో కొలవకుండా పోయినవాళ్ళని గాలి దెబ్బ తగిలిందన్నాం. చాలామంది ఈ జబ్బు ముదిరే వయసుదాకా బతకనే లేదు. కలరాకో, మశూచికో, పురిట్లోనో పోయారు. ఇక ఇది ఈ కాలపు జబ్బేనని ఎవరైనా అంటే ఈజిప్టు మమ్మీల సంగతి చెప్తాను. ఈజిప్టు, పెరూ, అమెరికా నైరుతి, అల్యూషియన్ దీవులు, ఈ నాలుగు చోట్ల దొరికిన 137 మమ్మీలకి స్కాన్ తీసి 2013లో లాన్సెట్‌లో రాశారు. 47 మందిలో ధమనుల గోడలో కాల్షియం పేరుకుని ఉంది. వేల ఏళ్ళ కిందటివాళ్ళకీ ఉంది. కాబట్టి జబ్బు పాతదే. మా రోజుల్లో లేనిది అది కాదు, దాన్ని ఇంత చిన్న వయసులో పిలిచి కూర్చోబెట్టే అలవాట్లు.

ఎంత చిన్న వయసంటే, 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో దక్షిణాసియావాళ్ళకి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53. మిగతా దేశాలవాళ్ళకి దాదాపు 59. ఆరేళ్ళు ముందు. పిల్ల పెళ్ళి కాకముందు, ఇంటి అప్పు తీరకముందు. ఆ పరిశోధనే ఇంకో మాటా చెప్పింది. పొగాకు, చెడ్డ కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, పొట్ట, దిగులు, కూరలూ పళ్ళూ తినకపోవడం, కదలకపోవడం, మద్యం విషయం, ఈ తొమ్మిదీ కలిపితే మగవాళ్ళ ముప్పులో 90 శాతం, ఆడవాళ్ళలో 94 శాతం లెక్క తేలిపోతుందని. నుదుటి రాతకి మిగిలింది కొంచెమే.

పల్లెల్లో ఇలాంటివి ఉండవని పట్నంవాళ్ళకో నమ్మకం. గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు తీసుకుని 2003, 2004లో జరిగిన చావులన్నీ లెక్క రాశారు. ఇంటింటికీ వెళ్ళి ఎలా పోయారో అడిగి తెలుసుకున్నారు. మొత్తం 1354 మరణాలు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్ళు 32 శాతం. అంటువ్యాధులతో 12 శాతం. మా చిన్నతనంలో ఈ లెక్క తిరగేసి ఉండేది. ఇరవై ఏళ్ళ కిందటే పల్లెలు ఇలా ఉంటే, పొగగొట్టాల కింద బతికే గాజువాక ఎలా ఉంటుందో అడగరెవ్వరూ.

తిండి సంగతి ఎత్తితే మా ఇంట్లో కోడళ్ళు పక్కగదిలోకి వెళ్ళిపోతారు, అయినా ఎత్తుతాను. మా అమ్మ గానుగ నుంచి తెచ్చిన నువ్వుల నూనె సీసా నెలంతా రావాలని చూసి చూసి పోసేది. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం కూర, చారు, దొరికితే కవ్వళ్ళ పులుసు. వేపుడంటే పండగే. ఇప్పుడు సాయంత్రమైతే జంక్షన్‌లో బళ్ళ మీద బూరెల మూకుడు నల్లగా మరుగుతూనే ఉంటుంది. నిన్నటి నూనెలోనే ఈరోజు నూనె. వాడిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే పారబొయ్యాలని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి నిబంధన పెట్టింది. వనస్పతుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి మరో నిబంధన. ట్రాన్స్ ఫ్యాట్ చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచి మంచిదాన్ని తగ్గిస్తుంది, ధమని గోడకి రెండు వైపులా దెబ్బ. మంచి నిబంధనలే. మూకుడు దగ్గరికొచ్చి కొలిచినవాణ్ణి మాత్రం నేనింకా చూడలేదు.

నా మనసులో నాటుకుపోయిన పరిశోధన ఒకటి మన తెలుగు నేల మీదే జరిగింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు కొన్ని ఊళ్ళలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ రోజూ అదనంగా ఒక పూట వండి పెట్టారు, కొన్ని ఊళ్ళలో పెట్టలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక మళ్ళీ వెతికి పట్టుకుని పరీక్షించారు. తల్లికడుపులో ఉండగా, పసితనంలో ఆ తిండి అందిన ఊళ్ళ పిల్లలు కాస్త పొడుగున్నారు, వాళ్ళ ధమనులు మిగతావాళ్ళకంటే మెత్తగా సాగుతున్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. కడుపుతో ఉన్న అమ్మాయి సరిగ్గా తింటే, బిడ్డకి పదిహేనేళ్ళొచ్చాక కూడా ధమనుల్లో ఆ తేడా కనపడిందన్నమాట. అంగన్‌వాడీలో గుడ్డు ఇచ్చారా లేదా అని నేను దెబ్బలాడితే "ఈ ముసలాయనకెందుకు" అంటారు. ఇందుకే.

గాలి సంగతి ఒకటుంది. తొలి కోడి కూసేవేళ మేడ మీద ఆరేసిన తెల్లపంచె మీద వేలు రాస్తే నల్లగా వస్తుంది. రేవు బొగ్గు, ఖనిజ ధూళి, లారీల పొగ. కేంద్రం 2019లో మొదలుపెట్టిన స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ ఉంది. ఇన్నాళ్ళూ అది ఊపిరితిత్తుల గొడవనుకున్నాం. సన్నని ధూళి ఊపిరితిత్తుల దగ్గర ఆగదు. అమెరికాలో ఆరు ప్రాంతాల్లో 6 వేల మందికి పైగా మనుషుల్ని పదేళ్ళు వెంబడించి 2016లో చెప్పారు, ధూళి ఎక్కువున్నచోట కరోనరీ ధమనుల్లో కాల్షియం త్వరగా పెరుగుతోందని. హైదరాబాద్ శివారు పల్లెల్లో కూడా ధూళికీ మెడలోని ధమని గోడ మందానికీ సంబంధం కనపడింది. మెడ పక్కన అల్ట్రాసౌండ్ పెట్టి మిల్లీమీటర్లలో కొలిచారు. మా గంగవరం, శ్రీహరిపురం, మల్కాపురం మనుషుల మెడలు కూడా అలా కొలవాలని నా కోరిక. దానికితోడు రాత్రి నడిచే సి షిఫ్టులు. 20 లక్షల మందికి పైగా కార్మికుల లెక్కలు కలిపి 2012లో చూస్తే, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి గుండెపోటు ముప్పు సుమారు 23 శాతం ఎక్కువ తేలింది. రాత్రి డ్యూటీ భత్యం ఇచ్చేటప్పుడు ఆ సంగతీ చెప్పి, ఏటా కొలెస్ట్రాల్ పరీక్ష చేయించాల్సింది. ఇప్పుడు కాంట్రాక్టు కింద చేసే కుర్రాళ్ళకైతే అడిగే దిక్కే లేదు.

ఈ కాలంలో మంచి లేదని నేననను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ప్రపంచానికి అన్ని మందులిచ్చిన మనిషి, 1948లో 53 ఏళ్ళకే అమెరికాలో గుండెపోటుతో పోయారు. అంతటివారికి కూడా అప్పుడు ఇవ్వడానికి ఏమీ లేదు. ఆ ఏడే మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 5209 మందితో పరిశోధన మొదలైంది. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్టు ముప్పుకి కారణాలని ప్రపంచం నేర్చుకున్నది అక్కడే. తర్వాత జపాన్‌లో అకిరా ఎండో బూజులోంచి మొదటి స్టాటిన్ తీశాడు. 1987 నుంచి ఆ జాతి మందు మార్కెట్లోకొచ్చింది. ఇవాళ గాజువాక మెడికల్ షాపులో ఆ మాత్ర టీ ఖరీదులోపే దొరుకుతుంది. హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి తక్కువ ధర స్టెంటు చేసి చూపించారు. 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటుకి 29,600 రూపాయలని కళ్ళెం వేసింది. మా పెద్దయ్యకి ఇందులో ఒక్కటీ అందలేదు. అన్నీ అందే కాలంలో పుట్టి కాలదన్నుకుంటున్నారనే నా బాధ.

మా మేనల్లుడికి గుండెపోటొచ్చింది. గంటలో ఆసుపత్రికి చేర్చారు, స్టెంటు వేశారు, బతికాడు. గుండెపోటు నడుస్తున్నప్పుడు స్టెంటు ప్రాణం నిలబెడుతుంది, అందులో రెండో మాట లేదు. ఆర్నెల్లకి వాణ్ణడిగితే మాత్రలు మానేశానన్నాడు. "స్టెంటేశారు కదా మావయ్యా, ఇంకెందుకు?" ఒరే, స్టెంటు వేసింది ఒక్కచోట, గోడ పాడయింది ఒళ్ళంతా. పైగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర డాక్టరు చెప్పకుండా మానితే ఆ స్టెంటులోనే గడ్డ కట్టొచ్చు. నడిచినప్పుడు మాత్రమే ఛాతీ పట్టే, జబ్బు నిలకడగా ఉన్న రోగులకి స్టెంటు వేస్తే చావులు, గుండెపోట్లు తగ్గుతాయా అని 2007లో కరేజ్ పరిశోధన 2287 మంది మీద చూసింది, 2020లో ఇస్కీమియా పరిశోధన 5 వేల మందికి పైగా మీద చూసింది. మందులు సరిగ్గా వాడినవాళ్ళకంటే అదనంగా తగ్గలేదు. నొప్పి తగ్గడానికి పనికొచ్చింది, అంతే. ఇదంతా చెప్పాక వాడు మాత్రల డబ్బా తెచ్చి నా ముందే వేసుకున్నాడు. ఈమధ్య ఫోను చేసినప్పుడల్లా ముందు అదే అడుగుతున్నాను, విసుక్కుంటే విసుక్కోనీ.

మా పెన్షనర్ల మీటింగులో నెలకోసారి బీపీ, షుగరు చూస్తారు. దండకి పట్టీ కట్టి చూసి వదిలేస్తున్నారు. చీలమండకీ కట్టి చూడమని అడిగాను. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వస్తే కాలి ధమనుల్లో జబ్బున్నట్టు, కాళ్ళలో ఉంటే గుండెలోనూ మెడలోనూ ఉండే అవకాశం ఎక్కువన్నట్టు. సూది లేదు, స్కాను లేదు, మంచం మీద పడుకుంటే చాలు. నర్సమ్మ మంచి పిల్ల. "చిన్న డాప్లర్ మిషనుంటే చేసీయొచ్చు తాతగారూ" అంది. సంఘం డబ్బుతో వార్షికోత్సవానికి శాలువాలు కొందామని కమిటీవాళ్ళు. శాలువాలు వద్దు, డాప్లర్ కొనండని కాగితం రాసి సంతకాలు పెట్టిస్తున్నాను. పిక్క పట్టి ఆగి ఆగి నడిచేవాళ్ళు మా సంఘంలో ఎందరున్నారో నేను రోజూ చూస్తూనే ఉన్నాను, మొదటి పరీక్ష వాళ్ళకే చేయిస్తాను.